మేకు లేని మంచము

పట్నము పోయి సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలను చూడక మరలివచ్చినవారు మన గ్రామమున అరుదు. 1951వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన పండిత నెహ్రూ దివాన్ దేవిడీలో ప్రారంభించిన ఆ సంగ్రహము 1968లో మూసీనది దక్షిణపు గట్టున నేడున్న భవనమునకు చేరినది. మేలిముసుగు ధరించిన రెబెక్కా పాలరాతి ప్రతిమ, గంటకొకమారు బొమ్మ వెలువడి గంట మ్రోగించు గడియారము, ఫ్రాన్సు రాజు టిప్పు సుల్తానునకు కానుకగా పంపినవని చెప్పబడు దంతపు కుర్చీలు, వీని యెదుట జనము గుమిగూడి నిలుతురు. నిలువవలసినదే. కాని ఆ కుర్చీలను చూచి విస్మయపడు మనము, మన యింటి వసారాలో తరతరములుగా నున్న నులకమంచమును ఎవరు చేసిరో, ఎట్లు చేసిరో విచారింపము. దానిలో ఒక్క మేకు లేదు, జిగురు లేదు, మర లేదు. అయినను ముగ్గురు మనుష్యులు ఒక్కసారి కూర్చుండినను అది చెక్కుచెదరదు. ఈ మంచము కథను, దానితోబాటు పట్నపు పాతబస్తీ కొయ్యపని కథను, చదువరుల యెదుట నుంచవలెనని నా సంకల్పము.

మంచమునకు చరిత్ర యేమిటని కొందరు నవ్వవచ్చును. రాజుల చరిత్ర వ్రాయుట సులభము. వారి దానములు రాతిమీదను రాగిరేకులమీదను చెక్కబడియున్నవి. కొయ్యకు చెద యొక శత్రువు, పొయ్యి రెండవ శత్రువు. కాలు విరిగిన మంచము రెండు దినముల వంటచెరకగును. దానిని చేసినవాని పేరు ఏ శాసనమునను లేదు. కావున ఈ చరిత్రకు రెండే యాధారములు మిగిలినవి. ఒకటి, పూర్వగ్రంథములలో అక్కడక్కడ దొరకు మాటలు. రెండవది, వడ్రంగి చేతిలో నేటికిని నిలిచియున్న పద్ధతి.

గ్రంథముల మాట మొదట చెప్పెదను. సంస్కృతమున దీనికి ఖట్వ, పర్యంకము, మంచము అని పేర్లు. పర్యంకమే ప్రాకృతముల మీదుగా నడచి హిందూస్థానీలో పలంగు అయినది. పాణిని మహర్షి తన వ్యాకరణమున ఖట్వ యను మాటకు ప్రత్యేకముగా నొక సూత్రమునే కేటాయించెను. చదువు ముగియకముందే, గురువు సెలవు లేకయే మంచమెక్కిన శిష్యుని ‘ఖట్వారూఢుడు’ అని నిందించుట ఆనాటి వాడుక. విద్యార్థికి నేలపడక, గృహస్థునకు మంచము. మన గ్రంథాలయమున పుస్తకముపై తలవాల్చి కునుకుదీయు యువకులకు ఈ సంగతి వినిపింపవలెనని యొక్కొక్కప్పుడు తోచును.

క్రీస్తుశకము ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో శయ్యాసనములకు ఒక యధ్యాయమే కలదు. పొట్టు తీసిన యవలగింజలు ఎనిమిదింటిని ప్రక్కప్రక్కన చేర్చిన నొక యంగుళము. అట్టి నూరంగుళముల పొడవుగల మంచము రాజునకు విధించెను. రాజకుమారునకు 90, మంత్రికి 84, సేనాపతికి 78, పురోహితునకు 72 అంగుళములు. వెడల్పు పొడవులో సగము. ఆ సగములో నుండి ఎనిమిదవ పాలు తీసివేయవలెను. కోళ్ళ యెత్తు పొడవులో మూడవ పాలు. నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక కలము పట్టి కట్టి చూచితిని. ఆ యంగుళము నేటి కొలతలో ముప్పాతిక యించి యనుకొన్నచో, రాజు మంచము 75 ఇంచుల పొడవు, సుమారు 33 ఇంచుల వెడల్పు, 25 ఇంచుల యెత్తు అగును. మన వసారాలోని మంచమును కొలిచి చూడుడు. పొడవున వెడల్పున పెద్ద భేదముండదు. ఎత్తు మాత్రము రాజుగారిది హెచ్చు. పురోహితుని మంచము 54 ఇంచులు. నాలుగున్నర యడుగులే! పాపము, ఆయన మోకాళ్ళు ముడుచుకొనియే పరుండవలెను.

టేకు, ఏగిస, శింశుప, తుమికి, దేవదారు మొదలగు కలపలు మంచమునకు యోగ్యములని వరాహమిహిరుడు చెప్పెను. పిడుగుపడిన చెట్టు, గాలికి గాని నీటికి గాని ఏనుగునకు గాని కూలిన చెట్టు, తేనెపట్టు పట్టినది, పక్షులు గూళ్ళు కట్టినది, శ్మశానమున పెరిగినది కూడదనెను. ఇందులో కొంత నమ్మకము, కొంత యనుభవము కలిసియున్నవి. పిడుగు తగిలిన మ్రాను పైకి బాగుగానున్నను లోపల నెఱ్ఱెవారియుండునని మన వడ్రంగులును చెప్పుదురు. ఒకే జాతి కలపతో చేసిన మంచము మంచిది. రెండు జాతులతో చేసినది మరియు మంచిది. ఐదు జాతుల కొయ్యలు కూర్చిన మంచముపై పరుండువాడు పంచత్వము పొందునని యాయన వాక్కు. ఐదునకును పంచత్వమునకును గల శబ్దసామ్యమే ఇచట శాస్త్రమైనదేమో!

కాని రెండు నియమములు నన్ను చాల దినములు ఆలోచింపజేసినవి. మొదటిది, కోళ్ళను తలక్రిందులుగా నిలుపరాదు; చెట్టున మొదలుగా నున్న కొన క్రిందికే యుండవలెను. రెండవది, పట్టెల కొనలు ప్రదక్షిణముగా తిరుగవలెను. అన్నియు ఒకే దిక్కునకు చూచినచో భూతభయము కలుగును. భూతముల మాట యటుండనిండు. కొయ్యకు మొదటివైపు లావు, కొనవైపు సన్నము. మొదటివైపు గట్టిదనము హెచ్చు. నాలుగు పట్టెలను ఒకదాని వెనుక నొకటిగా ప్రదక్షిణముగా పేర్చినప్పుడు ప్రతి మూలయందును ఒక పట్టె మొదలును, ఇంకొక పట్టె కొనయు కలియును. బలము నాలుగు మూలలకు సమముగా పంచబడును. అట్లుగాక పట్టెలన్నియు ఒకే దిక్కునకు చూచినచో ఒక మూలకు రెండు మొదళ్ళు, దాని కెదుటి మూలకు రెండు కొనలు చేరును. కొనలు రెండు చేరిన మూల మొదట వదులగును. రాత్రివేళ కిఱ్ఱుమని శబ్దము చేయును. ఆ శబ్దమునే భూతమనిరని నా యూహ. పండితులు వేరొక యర్థము చెప్పిన వినుటకు సిద్ధముగా నున్నాను.

ఆ తరువాత ఎనిమిదివందల యేండ్లకు ఒక పరదేశి మన మంచమును చూచి మెచ్చుకొనెను. మొరాకో దేశపు యాత్రికుడు ఇబ్న్ బతూతా 1333లో హిందూదేశమున అడుగిడెను. ఇచటి మంచములు మిక్కిలి తేలికయని, ఒక్క మనిషి మోయగలడని, ప్రయాణమునకు బయలుదేరువారు తమ మంచమును సేవకుని తలపై పెట్టించి వెంట తీసికొనిపోదురని యాతడు వ్రాసెను. నాలుగు కోళ్ళు, నాలుగు అడ్డకొయ్యలు, నడుమ పట్టుతో గాని నూలుతో గాని అల్లిన పట్టె. దానిపై పరుండినచో మెత్తదనమునకు వేరేమియు అక్కరలేదని యాతని సాక్ష్యము. మన యింటి నవారుమంచమును చూచి వ్రాసినట్లేయున్నది గదా!

ఇబ్న్ బతూతా నాటికి హైదరాబాదు లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించి, మూసీకి దక్షిణమున నూతన నగరమును వెలయించెను. ఆ నగరమున మన మంచమునకు చార్‌పాయి యను రెండవ పేరు నిలిచినది. నాలుగు పాదములు గలదని దాని యర్థము. తెలుగు వడ్రంగి కోడు అనుదానిని ఉర్దూ మాటలాడు పనివాడు పాయా యనును. నిలువుపట్టెను పాటీ యని, అడ్డుపట్టెను సేర్వా యని, కాళ్ళవైపున నులకను బిగలాగు త్రాటిని అద్వాన్ అని యనును. మన బాడిస వానికి బసూలా. మన తోపడ వానికి రందా. మన మూలమట్టము వానికి గునియా. బరమా మాత్రము ఇరువురకును బరమాయే. పేర్లు రెండైనను ఉలి పట్టు చేతి యొడుపు ఒక్కటే. భాషలను గూర్చి సభలలో వాదులాడుకొనువారు ఒక జాముసేపు కొయ్యపని దుకాణములో కూర్చుండిన కొంత చల్లబడుదురు.

ఇక పని యెట్లు జరుగునో చూతము. నాలుగు కోళ్ళు, రెండు నిలువుపట్టెలు, రెండు అడ్డుపట్టెలు, వెరసి ఎనిమిది కొయ్యలు. ఒక్కొక్క పట్టెకు ఇరుకొనలందును నాలుకవలె సన్నముగా చెక్కిన కుసులు రెండేసి, మొత్తము ఎనిమిది. ఒక్కొక్క కోడునకు ప్రక్కప్రక్క ముఖములందు రెండేసి బెజ్జములు; అవియు ఎనిమిది. జమ ఖర్చు సరిపోయినది.

కోడును మొదట బాడిసతో నలుపలకగా చెక్కి, తోపడతో చిత్రిక పట్టుదురు. నగిషీ కావలసినచో తరిమెనకు ఎక్కింతురు. ఒకడు త్రాడు చుట్టి ముందువెనుకలకు లాగుచుండగా ఇంకొకడు తిరుగుచున్న కొయ్యకు ఉలి ఆనించి గుండ్లు, గాడులు తీర్చును. బెజ్జములు వచ్చుచోటు మాత్రము సన్నము చేయక దిట్టముగా వదలుదురు. రెండు దిక్కులనుండి తొలువబడు చోటు అదియే కదా. సోయగమునకై అచట పలుచన చేసినవాడు మంచము నమ్మినవానిని మోసగించినట్లే. తరువాత మూలమట్టముతో గీతలు గీసి, బరమాతో రంధ్రములు వేసి, ఉలితో వానిని కలిపి చదరపు బెజ్జము చేయుదురు. కుసి మందము పట్టె మందములో ఇంచుమించు మూడవ పాలుండవలెను. అంతకంటె పలుచనైన కుసి విరుగును. అంతకంటె దళసరియైన బెజ్జపు గోడలు పగులును.

కుసి కోయునప్పుడు రంపము గీతను మింగరాదు. పోవలసిన కొయ్య వైపుననే అది నడువవలెను. వెండ్రుకవాసి మిగిలిన ఉలితో గీయవచ్చును. పోయిన వెండ్రుకవాసిని బ్రహ్మయు తేలేడు. కుసి సరిపోయినదో లేదో పరీక్షించుటకు ఒక గురుతు కలదు. చేతితో నెట్టిన సగము దూరవలెను. మిగిలిన సగము కొయ్యసుత్తి దెబ్బకు దిగవలెను. చేతితోనే అంతయు దూరినచో వదులు. సుత్తికిని దిగకున్న కోడు చీలును. ఎనిమిది కుసులు ఎనిమిది బెజ్జములకు అమర్చిన పిదప ఏ కుసి ఏ బెజ్జమునదో తెలియుటకు ఒక గంటు, రెండు గంట్లు, మూడు గంట్లుగా ఉలితో గుర్తులు పెట్టుదురు. మంచమును విప్పి బండిమీద వేసికొనిపోయి, వేరొక యూరిలో తిరిగి కూర్చుటకు ఈ గంట్లే ఆధారము.

ఒకే కోడులో రెండు కుసులు ఎదురుపడు చిక్కును రెండు విధముల తీర్తురు. ఒక బెజ్జమును కొంచెము పైకిని, రెండవదానిని కొంచెము క్రిందికిని జరుపుట సులభమార్గము. నేర్పరులు రెండింటిని ఒకే మట్టమున నుంచి, ఒక కుసిలో సగము గంటు కోసి, రెండవ కుసి ఆ గంటులో కూర్చుండునట్లు చేయుదురు. అప్పుడు ఒకదాని నొకటి లోపలనే పట్టుకొనును.

ఇంతవరకు వచ్చినను మంచము ఇంకను మంచము కాలేదు. ఊపిన ఊగును. దానికి ప్రాణము పోయునది నులక. గోగునారతోనో జనపనారతోనో పేనిన త్రాటిని పట్టెలకు చుట్టుచు ఏటవాలుగా అల్లి, కాళ్ళవైపున బిగలాగినప్పుడు ఎదురెదురు పట్టెలు రెండును ఒకదానివైపు ఒకటి లాగబడును. నిలువుపట్టెలు లోపలికి లాగబడగా, నడుమ నున్న అడ్డుపట్టెలు తమ భుజములతో కోళ్ళను ఎదురొత్తి నిలుచును. అడ్డుపట్టెలు లాగబడినప్పుడు నిలువుపట్టెలు అట్లే చేయును. త్రాడు ఎంత బిగిసిన అతుకు అంత బిగియును. మనిషి బరువు పడినప్పుడు ఆ బిగువు ఇంకను హెచ్చును. మేకు కొట్టిన వస్తువు వాడుకొలది వదులగును. ఈ మంచము వాడుకలోనే బిగియును. కొయ్య ఎండి అడ్డమున కొంచెము కుంచించుకొనినను నిలువున కుంచించుకొనుట అత్యల్పము. కావున భుజమునకు భుజమునకు నడుమ దూరము మారదు, వదులైనదెల్ల నులకయే. దానిని ఇంటి ముసలమ్మయు ఒక జాములో బిగించుకొనగలదు. నల్లులు పట్టిన విప్పి మరుగునీరు పోసి యెండలో వేయవచ్చును. కోడు విరిగిన ఆ కోడునొక్కదానినే మార్చవచ్చును.

ఇదే పనితనము పాతబస్తీలో పెద్దయెత్తున ఎక్కడెక్కడ కనబడునో కొన్ని చోట్లు చెప్పెదను. బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను మహమ్మద్ కులీ కుతుబ్ షా 16వ శతాబ్దపు చివర కట్టించగా, దాని ముందరి కొయ్యకంబముల మండపము నిజాం అలీఖాను కాలమున చేరినది. పురానీ హవేలీలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దుస్తులుంచిన రెండంతస్తుల కొయ్య బీరువా 150 అడుగులకు మించిన పొడవుగలది. పై యంతస్తునకు పోవుటకు చేతితో త్రిప్పు కొయ్యలిఫ్టు కూడ అందులో కలదు. చార్మినారునకు చేరువనే మాల్‌వాలా దేవిడీ యుండెడిది. 1845లో కట్టిన ఆ భవనపు చెక్కడపు కంబములు, తోరణములు పట్నమంతట పేరొందినవి. అది నిజాం రాజ్యపు రెవెన్యూ లెక్కలు తరతరములుగా వ్రాసిన కాయస్థ కుటుంబమువారి గృహము. దఫ్తర్-ఎ-మాల్ వారి యధీనమున నుండుటచేతనే వారికి మాల్‌వాలా యను పేరు వచ్చినది. 2000వ సంవత్సరమున దానిని పడగొట్టిరి. లెక్కలవారి యిల్లు గనుక నాకు కొంచెమెక్కువగా బాధ కలిగిన కలుగవచ్చును.

1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీవరదలో నదికి చేరువనున్న మొహల్లాలు వేలకొలది యిండ్లతో కొట్టుకొనిపోయినవి. ఆ యిండ్లలోని కొయ్యసామానుకు లెక్కయెవరు వ్రాసిరి? మిగిలిన దేవిడీలలో తఖ్తులు, పందిరిమంచములు ఉండెడివి. పందిరిమంచమును అచట మసేరి యందురు. పెండ్లికూతురి వెంట పోవు సామానులో దానిది మొదటి స్థానము. 1929లో కాజీపేట బల్లార్షా రైలుదారి పూర్తియైన పిదప మంచిర్యాల, సిర్పూరు అడవుల టేకు పట్నమునకు చేరుట సులభమైనది. 1949లో జాగీర్లు రద్దయినవి. దేవిడీల సామాను వేలమునకు వచ్చినది. కొన్నవారికి మసేరీలు చౌకగా దొరికినవి. చేయువారికి గిరాకీ తగ్గినది.

చేయువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము దేవిడీలలో దొరకదు. మన పల్లెలలో వెదకవలెను. తెలంగాణమున వడ్రంగిని వడ్లవాడందురు. రైతునకు నాగలి, గొఱ్ఱు, బండి చేసిపెట్టి, కళ్ళమున ధాన్యపు పాలు తీసికొనుట వాని జీవనము. అది రైతునకును వానికిని నడుమనున్న యొప్పందము. దొర గడీ విషయమున ఒప్పందము లేదు, వెట్టి యుండెడిది. వడ్రంగియు కమ్మరియు దొరకు కావలసిన పనిముట్లన్నియు ఉచితముగా చేసియీయవలెను. పటేలు పట్వారీల యిండ్లకును, మజిలీకి వచ్చు అధికారులకును ఊరివారు ఊడిగము చేయవలెను. నిజాం ప్రభుత్వపు రికార్డులలో బీఘా బీఘాకు లెక్కయున్నది. చెరువుక్రింది ప్రతి మడికి లెక్కయున్నది. గడీలోని మంచమునకు ఎనిమిది బెజ్జములు తొలిచినవాని కూలి మాత్రము ఏ దఫ్తరమునను జమ కాలేదు. పట్వారీ కలము దానిని వ్రాయలేదు. వ్రాయుమని పైనుండి అడిగినవారును లేరు.

ఇంకొక మాట కూడ చెప్పక తప్పదు. దొర వీధిని పోవునప్పుడు మంచముపై కూర్చున్నవాడు దిగి నిలువవలెను. అనేక గ్రామములలో కొన్ని కులములవారు పెద్దల యెదుట మంచముపై కూర్చుండుటయే నేరము. మంచము చేసినవాడు దానిని గడీకి మోసికొనిపోయి, వసారాలో నిలిపి, తాను నేలపై నిలిచి చేతులు కట్టుకొనవలసివచ్చెను. మన పెద్దలలో కొందరు దీనిని ‘మర్యాద’ యని పేర్కొందురు. ఆ మాటను నేను అంగీకరింపజాలను. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమునకు భూమితోబాటు వెట్టియు కారణమని చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఆ వెట్టి యనునది ఇట్టి చిన్నచిన్న నిలుచుండుటల మొత్తమే. పటేలు పట్వారీ పదవులు 1984లో రద్దయినవి.

పల్లెలో కూలి లేనివాడు పట్నము పోయినచో నాణెము దొరకెడిది. అది తక్కువైనను చేతికి వచ్చెడిది. అందుచేత పాతబస్తీ కొయ్యపనిని నవాబుల వైభవముగా మాత్రమే వర్ణించువారితో నేను ఏకీభవింపను. ఆ వైభవములో పల్లెను విడిచి వచ్చిన చేతులు కూడ కలవు.

నేటి సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఇప్పుడు పెండ్లిసామానుగా పోవు మంచములలో పెక్కింటికి ప్లైవుడ్ పలకలు, ఇనుప మరలు. చూపునకు బాగుగనే యుండును. ధరయు అందుబాటులోనే యున్నది. పెట్టె మంచమైనచో క్రింద సామాను దాచుకొనవచ్చును. వానిని నిందించుట నా యుద్దేశము కాదు. అయితే ఒకమారు మర జారిన చోట పొట్టు రాలిపోయి మరల మర పట్టదు. నాలుగిండ్లు మారునప్పటికి మూలలు విచ్చిపోవును. బాగుచేయువానికి దానిలో చేయుటకు ఏమియు మిగులదు. నులకమంచములను అలంకారముగా కొని తోటలలోను దాబాహోటళ్ళలోను వేయువారు పెరుగుచున్నారు. అయినను వానిలో ఎన్నో ఇనుపగొట్టముల చట్రములే, అల్లిక నైలాను.

మన యూరిలో ఇంకను పాతమంచములున్న యిండ్లు కొన్నియైన నుండవచ్చును. ఉన్నవారు ఒక ఆదివారము దానిని తిరుగవేసి చూడవలెనని నా ప్రార్థన. కోళ్ళలో కొయ్యచార ఎటు నడచినదో, లావు వైపు క్రిందికున్నదో లేదో, పట్టెలు ప్రదక్షిణముగా తిరిగినవో లేదో, కుసి మొదట గంట్లెన్ని యున్నవో చూడుడు. దానిని చేసిన వడ్రంగి పేరు ఇంటి పెద్దలను అడుగుడు. మంచపు కొలతలు, కలప, చేసినవాని పేరు, వాడు పట్నములో పనిచేసినచో ఏ మొహల్లాలో చేసెనో వ్రాయించుటకు గ్రంథాలయములో ఒక రిజిస్టరు ఉంచవలెనని కార్యవర్గమువారిని కోరితిని. గడులు గీసియిచ్చుటకు నేను ఒప్పుకొన్నాను. కూలి యెంత ముట్టినది, ముట్టలేదా యను గడి కూడ అందులో నుండును.